క్లోరిన్ ఉంది సరే, పనిచేస్తోందా?

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఈత కోచింగ్ బ్యాచ్‌లు మొదలవుతాయి. పిల్లల్ని చేర్చేముందు తల్లిదండ్రులు అన్నీ అడుగుతారు. ఫీజెంత, కోచ్ ఎవరు, ఆడపిల్లలకు వేరే టైమ్ ఉందా, ఎన్నాళ్లలో ఈత వస్తుంది? నీళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా ఒక్కటే ప్రశ్న: "క్లోరిన్ వేస్తున్నారా?" జవాబూ ఒకటే: "వేస్తున్నాం." అక్కడితో ఆ ముచ్చట ముగిసిపోతుంది.

ఆ జవాబు అబద్ధం కాదు. చాలాచోట్ల నిజంగానే వేస్తున్నారు, కొన్నిచోట్ల అవసరానికి మించి వేస్తున్నారు. అయినా ఆ నీళ్లలో దిగిన పిల్లలకు కళ్లకలక వస్తుంది, చెవిపోటు వస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లలో క్లోరిన్ ఎంత ఉందన్నది ఒక లెక్క. అందులో సూక్ష్మజీవుల్ని చంపే పనిలో ఉన్నదెంత అన్నది వేరే లెక్క. ఈ రెండో లెక్క ఎలా కట్టాలో ఈ అధ్యాయంలో నేర్చుకుందాం. కెమిస్ట్రీ డిగ్రీ అక్కర్లేదు. ఒక టెస్ట్ కిట్, కాస్త ఓపిక, కొలిచింది కొలిచినట్టు రాసిపెట్టే అలవాటు ఉంటే చాలు.

ముక్కు చెప్పేది నమ్మకండి

నీళ్లు నీలంగా కనిపిస్తే శుభ్రంగా ఉన్నాయనుకుంటాం. ఆ నీలం చాలావరకు అడుగున పరిచిన టైల్స్‌ది. తేటగా ఉన్న నీళ్లలోనూ బ్యాక్టీరియా, వైరస్‌లు ఉండొచ్చు. అవి కంటికి ఆనవు.

వాసన సంగతి మరీ తలకిందులు. "గేటు దాకా క్లోరిన్ వాసన కొడుతోంది, గట్టిగానే వేసినట్టున్నారు" అని సంతోషపడే పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను. బాగా నడుస్తున్న పూల్ దగ్గర ఆ ఘాటు ఉండదు. చెమటలో, మూత్రంలో, ఒంటికి రాసుకున్న క్రీముల్లో నత్రజని ఉన్న పదార్థాలు ఉంటాయి. క్లోరిన్ వాటితో కలిసి క్లోరమైన్లుగా మారుతుంది. ముక్కుపుటాలు అదరగొట్టే వాసన వాటిదే, కళ్లు ఎర్రబడేదీ ఎక్కువగా వాటివల్లే. సూక్ష్మజీవుల్ని చంపడంలో మాత్రం అవి చాలా బలహీనం. అంటే ఘాటుగా వాసన వస్తోందంటే క్లోరిన్ బాగా ఉందని కాదు, ఉన్న క్లోరిన్ చాలావరకు మురికితో పెనవేసుకుపోయిందని. పైకప్పు ఉన్న ఇండోర్ పూల్స్‌లో ఈ గాలి బయటికి పోయే దారి ఉండదు కాబట్టి దగ్గు, ఆయాసం కూడా వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

కంటితో చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దాన్ని మాత్రం వదలకండి. లోతు ఎక్కువున్న వైపు గట్టు మీద నిలబడి, అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ గళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. అవి మసకగా ఉంటే ఇంకే కొలతా అక్కర్లేదు, ఎవరూ దిగకూడదు. ఫిల్టర్ పనిచేయట్లేదన్నది ఒక కారణం. మునిగిపోతున్న పిల్లవాడు పైనుంచి కనిపించడన్నది అంతకంటే పెద్ద కారణం.

పీహెచ్ తేలిస్తేనే క్లోరిన్ తేలుతుంది

క్లోరిన్‌ను బిళ్లగా వేసినా, గుళికలుగా చల్లినా, క్యాన్‌లోంచి ద్రవంగా పోసినా నీళ్లలో కలిశాక అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం. రెండోది హైపోక్లోరైట్ అయాన్. మొదటిదానికి విద్యుదావేశం ఉండదు, సూక్ష్మజీవి గోడలోంచి సులువుగా లోపలికి చొరబడి దాన్ని చంపుతుంది. రెండోదాని మీద రుణావేశం ఉంటుంది. బ్యాక్టీరియా పైపొర మీదా రుణావేశమే కాబట్టి అది దగ్గరికి చేరడమే కష్టం. మొదటిదానితో పోలిస్తే దాని బలం అనేక రెట్లు తక్కువ.

ఈ రెండిట్లో ఏది ఎంత అన్నది పీహెచ్ తేలుస్తుంది. పీహెచ్ 7.2 దగ్గర ఉంటే దాదాపు మూడింట రెండు వంతులు హైపోక్లోరస్ ఆమ్లం. 7.5 దగ్గర సగం సగం. 8కి చేరితే పావు వంతే మిగులుతుంది. 8.5 దాటితే పదో వంతు కూడా ఉండదు. కిట్‌లో ఫ్రీ క్లోరిన్ అంకె మాత్రం అన్ని సందర్భాల్లోనూ ఒకేలా కనిపిస్తుంది, ఎందుకంటే అది రెండు రూపాల్నీ కలిపి చూపిస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే వాడుకలో 2 పీపీఎం, ఉన్న రెండు పూల్స్‌ను పక్కపక్కన పెట్టండి. ఒకదాని పీహెచ్ 7.2, ఇంకోదానిది 8.2. పుస్తకంలో రెండింటికీ 2 అనే రాస్తారు. పని చేసే బలంలో మాత్రం మొదటిది రెండోదానికి మూడు రెట్లకు పైనే.

మన దగ్గర పీహెచ్ ఎక్కువగా పైకే జారుతుంది. చాలా పూల్స్‌లో నింపేది బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో. వాటిలో క్షారత ఎక్కువ. బ్లీచింగ్ పౌడర్, లిక్విడ్ క్లోరిన్ రెండూ పీహెచ్‌ను పెంచే స్వభావం ఉన్నవే. అలంకారానికి పెట్టిన జలపాతాలు, ఫౌంటెన్లు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను గాల్లోకి వదిలేసి ఇంకాస్త పెంచుతాయి. అందుకే ఏ రోజైనా ముందు పీహెచ్ చూడండి. 7.2 నుంచి 7.6 మధ్య ఉంటే నిశ్చింత. 7.8 దాటితే ముందు దాన్ని దించాలి. అది చేయకుండా మరో గరిటెడు క్లోరిన్ వేయడం డబ్బు దండగ.

ఎండకు గొడుగు, క్లోరిన్‌కు సంకెల

ఇక తెలుగు నాట పూల్స్‌లో నాకు అన్నింటికంటే ఎక్కువ కలవరం కలిగించే విషయానికి వద్దాం. దీన్ని కొలిచేవాళ్లు చాలా అరుదు.

మే నెల ఎండలో ఆరుబయట ఉన్న పూల్‌లో ఒట్టి క్లోరిన్ వేస్తే, అతినీలలోహిత కిరణాలకు అది గంట తిరక్కముందే సగానికి పడిపోగలదు. దీన్ని ఆపడానికి సయన్యూరిక్ ఆమ్లం వాడతారు. పూల్ భాషలో దీన్నే స్టెబిలైజర్ అంటారు. అది క్లోరిన్‌ను పట్టుకుని ఎండనుంచి కాపాడుతుంది, నీళ్లలో మెల్లగా వదులుతుంది. కొద్దిగా ఉంటే మేలే. తేలే డబ్బాలో పెట్టి వదిలే పెద్ద బిళ్లలు, అంటే టీసీసీఏ 90, వాటిలోనే ఇది కలిసి వస్తుంది. ఎస్‌డీఐసీ అని అమ్మే గుళికల్లోనూ ఉంటుంది.

చిక్కు ఇక్కడే. క్లోరిన్ ఖర్చయిపోతుంది, సయన్యూరిక్ ఆమ్లం ఖర్చు కాదు. టీసీసీఏతో నీళ్లలో 1 పీపీఎం క్లోరిన్ కలిపితే, దాంతోపాటు దాదాపు 0.6 పీపీఎం సయన్యూరిక్ ఆమ్లం చేరుతుంది. ఎస్‌డీఐసీతో అయితే 0.9. రోజుకు 2 పీపీఎం క్లోరిన్ చొప్పున టీసీసీఏ వేస్తున్న పూల్‌లో నెల తిరిగేసరికి ఇది 36 అవుతుంది, మూడు నెలలకు 100 దాటుతుంది. నీళ్లు ఆవిరైనా అది అక్కడే ఉండిపోతుంది. దాన్ని తగ్గించాలంటే కొంత నీరు తీసేసి కొత్త నీరు నింపడమే అసలు దారి. వేసవిలో ట్యాంకర్ల కోసం పడిగాపులు పడే ఊళ్లలో ఆ పని ఎవరు చేస్తారు? సీజన్ మొత్తం అవే నీళ్లు. ఏప్రిల్‌లో బాగా పనిచేసిన 2 పీపీఎం జూన్‌కు పేరుకే మిగులుతుంది.

ఎందుకంటే సయన్యూరిక్ ఆమ్లం పట్టుకున్న క్లోరిన్‌ను కూడా కిట్ ఫ్రీ క్లోరిన్‌గానే లెక్కిస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో లక్ష ఉండి జేబులో పది రూపాయలున్న మనిషి పరిస్థితి అది. ఆస్తి లెక్క తప్పేమీ కాదు, కానీ ఇప్పటికిప్పుడు ఖర్చు పెట్టడానికి చేతిలో ఉన్నది ఆ పది రూపాయలే. సూక్ష్మజీవి మీద దెబ్బ పడేది జేబులో ఉన్నదాంతోనే.

అందుకే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ రెండు వేర్వేరు కనిష్ఠాలు పెట్టింది. స్టెబిలైజర్ లేని పూల్‌లో ఫ్రీ క్లోరిన్ కనీసం 1 పీపీఎం, ఉన్న పూల్‌లో కనీసం 2. స్టెబిలైజర్ పెరిగేకొద్దీ ఆ రెండు కూడా చాలదు. 30 నుంచి 50 మధ్య ఉంచుకుంటే ఎండకు సరిపోతుంది. 90 దాటనివ్వకండి. ఇండోర్ పూల్‌లో అసలు వద్దు, అక్కడ ఎండే లేనప్పుడు దాని అవసరమేముంది?

కొలవడం తేలిక. కిట్‌లో మెలమైన్ ద్రావణం ఉంటుంది. దాన్ని పూల్ నీళ్లతో కలిపితే తెల్లగా పాలలా మారుతుంది. అడుగున నల్లచుక్క ఉన్న గాజు గొట్టంలో దాన్ని కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క కనిపించకుండా పోయిన చోట గొట్టం మీదున్న అంకే మీ స్టెబిలైజర్. ఆరుబయట ఎండకు వీపు పెట్టి నిలబడి, గొట్టాన్ని నడుము దగ్గర పట్టుకుని చూడండి. వారానికోసారి చేస్తే చాలు.

గులాబీ రంగును సరిగ్గా చదవడం

పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకుల దగ్గర క్లోరోస్కోప్ వాడటం మీలో కొందరు చూసి ఉంటారు. నీళ్లలో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. చాలా పూల్స్‌లోనూ ఇప్పటికీ ఈ పసుపు కిట్టే కనిపిస్తుంది. పూల్‌కు ఇది పనికిరాదు. పని చేసే క్లోరిన్‌నూ, మురికితో కలిసి చచ్చుబడినదాన్నీ వేరుచేయకుండా మొత్తంగా చూపిస్తుంది. పైగా ఆ రసాయనం క్యాన్సర్ కారకం కావచ్చన్న అనుమానం ఉంది. దాన్ని పక్కన పెట్టించి డీపీడీ కిట్ కొనిపించండి.

డీపీడీ పద్ధతిని బ్రిటన్‌కు చెందిన పేలిన్ అనే నీటి శాస్త్రజ్ఞుడు 1957లో ప్రకటించాడు. ఇన్నేళ్లయినా పూల్ గట్టు మీద దానిదే రాజ్యం. దాని గొప్పతనమల్లా ఫ్రీ క్లోరిన్‌నూ, కలిసిపోయిన క్లోరిన్‌నూ విడదీసి చూపించడం.

నీళ్లు పట్టడంతోనే సగం పని ఉంది. ఉపరితలం మీద కాకుండా, నీళ్లు లోపలికి వచ్చే జెట్ దగ్గర కాకుండా, మోచేయి లోతున సీసాను బోర్లా ముంచి అక్కడ తిప్పి నింపండి. గీత దాకా నీళ్లు ఉంచి ఒకటో నంబరు బిళ్ల వేయండి. బిళ్లను వేళ్లతో ముట్టుకోవద్దు, రేకులోంచి నేరుగా సీసాలోకి జార్చండి. మూత పెట్టి ఊపితే బిళ్ల చిట్లి, దాని చుట్టూ గులాబీ రంగు పొగలా పాకుతుంది. వెంటనే, నిమిషంలోపే, రంగు పట్టీతో పోల్చి చదవండి. ఆలస్యమయ్యేకొద్దీ క్లోరమైన్లు కూడా మెల్లగా రంగు ఇవ్వడం మొదలుపెట్టి అంకెను పెంచేస్తాయి. చలువ కళ్లద్దాలు తీసేసి చూడాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు అదే సీసాలో మూడో నంబరు బిళ్ల వేసి రెండు నిమిషాలు ఆగండి. రంగు మారకపోతే శుభం. గులాబీ ఇంకా ముదిరితే, ఆ పెరిగినంతా కంబైన్డ్ క్లోరిన్, అంటే చచ్చుబడిన భాగం. మొదటి అంకె 1.5, రెండోది 2.3 అయితే తేడా 0.8. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పూల్ మార్గదర్శకాల ప్రకారం ఇది వీలైనంత తక్కువగా, 0.2 లోపు ఉంటే మంచిది. ఫ్రీ క్లోరిన్‌లో సగం ఎప్పుడూ దాటకూడదు.

పరీక్ష అయ్యాక సీసాను శుభ్రంగా, ఒకటికి రెండుసార్లు కడగండి. మూడో బిళ్లలో అయొడైడ్ ఉంటుంది. దాని మరక రవ్వంత మిగిలినా రేపటి ఒకటో పరీక్షలోనే క్లోరమైన్లు రంగు చూపిస్తాయి, చచ్చుబడిన క్లోరిన్ మంచిదిగా లెక్కలోకి ఎక్కుతుంది. రెండు సీసాలు కొని మూతల మీద 1, 3 అని రాసుకుంటే ఈ బాధే ఉండదు.

ఇంకో ప్రమాదకరమైన భ్రమ ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే, సుమారు 10 పీపీఎం పైన, పుట్టిన గులాబీ రంగును క్లోరినే కాల్చేస్తుంది. సీసా తెల్లగా కనిపిస్తుంది. క్లోరిన్ లేదేమోనని ఆపరేటర్ ఇంకో డబ్బా వేస్తాడు. బిళ్ల వేసిన క్షణంలో గులాబీ మెరిసి మాయమైతే అది లేకపోవడం కాదు, మితిమీరడం. ఆ నీళ్లను క్లోరిన్ లేని నీళ్లతో సగానికి పలచన చేసి మళ్లీ పరీక్షించి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. అప్పటికీ రంగు మాయమైతే ఇంకా పలచన చేయాలి.

మిల్లీవోల్టుల మాట

ఇంతవరకు చెప్పినవన్నీ విడివిడి కొలతలు. పీహెచ్, స్టెబిలైజర్, కంబైన్డ్ క్లోరిన్ అన్నీ కలిసి చివరికి నీటి సత్తాను ఎంత దాకా తెచ్చాయో ఒక్క అంకెలో చెప్పే పరికరం ఉంది. ఓఆర్‌పీ మీటర్. నీళ్లలోని పదార్థాలు ఎదుటివాటి నుంచి ఎలక్ట్రాన్లను ఎంత బలంగా లాక్కోగలవో ఇది చూపిస్తుంది. సూక్ష్మజీవిని క్లోరిన్ చంపేది కూడా ఈ లాగుడుతోనే. మీటర్ కొనలో ప్లాటినం లేదా బంగారం ముక్క ఉంటుంది, లోపల పోలికకు వెండి, సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటుంది. ఈ రెండింటి మధ్య వోల్టేజీని మిల్లీవోల్టుల్లో చదువుతాం.

సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో 720 మిల్లీవోల్టులు దాటితే నీళ్లు సూక్ష్మజీవుల పరంగా మంచి స్థితిలో ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది, ప్రతి పూల్‌కూ తగిన అంకెను విడిగా తేల్చుకొమ్మని కూడా చెప్పింది. జర్మనీ పబ్లిక్ పూల్స్ ప్రమాణం ఇంకా కఠినం, మంచినీటి పూల్‌లో పీహెచ్ 7.3 లోపు ఉన్నప్పుడు 750 ఉండాలంటుంది. వాడుకలో చాలామంది ఆపరేటర్లు 650ని కింది గీతగా పెట్టుకుంటారు. ఫ్రీ క్లోరిన్ 2 అని కిట్ చూపిస్తూ ఓఆర్‌పీ 600 దగ్గర కొట్టుకుంటుంటే, క్లోరిన్ కాళ్లకు ఎవరో సంకెల వేశారని అర్థం. పీహెచ్ పెరిగి ఉండాలి, లేదా స్టెబిలైజర్ పేరుకుని ఉండాలి, లేదా మీటర్ కొన మురికి పట్టి ఉండాలి. ఈ మూడూ వెతకండి.

మీటర్‌ను గుడ్డిగా నమ్మేయడం కూడా తగదు. నీళ్లలో ముంచగానే వచ్చే అంకె తీసుకోకండి, అది కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. సన్‌స్క్రీన్ జిడ్డు కొనకు పట్టుకుంటే అంకె మందగిస్తుంది. నెలకోసారి ప్రామాణిక ద్రావణంలో ముంచి సరిచూడండి. ఎండబెట్టకుండా, స్వచ్ఛమైన డిస్టిల్డ్ వాటర్‌లో కాకుండా, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచండి. క్లోరిన్ 1 నుంచి 2కి రెట్టింపయినా మిల్లీవోల్టులు కొద్దిగానే పెరుగుతాయి, కాబట్టి ఈ అంకె చూసి క్లోరిన్ ఎంతుందో లెక్కగట్టొద్దు. ఉప్పునీటి క్లోరినేటర్ ఉన్న పూల్‌లో పుట్టే హైడ్రోజన్ కూడా ఈ అంకెను కిందికి లాగుతుంది. నా సలహా: కిట్, మీటర్ రెండూ ఉండాలి. ఒకటే కొనే స్తోమత ఉంటే డీపీడీ కిట్టే కొనండి.

చంపడానికి టైమ్ పడుతుంది

క్లోరిన్ తగలగానే అన్నీ చావవు. 1 పీపీఎం ఫ్రీ క్లోరిన్, పీహెచ్ 7.5, 25 డిగ్రీల వేడి ఉన్న, స్టెబిలైజర్ లేని నీళ్లలో ప్రమాదకరమైన ఈ.కోలి నిమిషంలోపే చస్తుంది. హెపటైటిస్ ఎ వైరస్‌కు దాదాపు 16 నిమిషాలు కావాలి. జియార్డియాకు 45. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికి మాత్రం 15,300 నిమిషాలు, అంటే పది రోజులకు పైనే. ఇవి సీడీసీ అంకెలు. క్లోరిన్ మోతాదును నిమిషాలతో హెచ్చవేస్తే వచ్చే ఈ లబ్ధాన్ని నీటి ఇంజనీర్లు సీటీ విలువ అంటారు. మోతాదు పెంచితే టైమ్ అంత తగ్గుతుంది. పూల్‌లో ఎవరికైనా నీళ్ల విరేచనం అయితే 20 పీపీఎం క్లోరిన్‌తో 12 గంటల 45 నిమిషాలు మూసి ఉంచమని చెప్పేది ఈ లెక్క ప్రకారమే. అప్పుడు పీహెచ్ 7.5 మించకూడదు, నీళ్లలో స్టెబిలైజర్ ఉండకూడదు. అది 15 పీపీఎం దాకా ఉంటే 28 గంటలు మూయాలి.

దీన్నుంచి ఇంట్లో పాటించాల్సిన ఒక నియమం వస్తుంది. విరేచనాలు అవుతున్న బిడ్డను పూల్‌కు పంపకండి. అది క్రిప్టో అని డాక్టర్ చెబితే తగ్గాక కూడా రెండు వారాలు ఆపండి. ఎంత మంచి క్లోరిన్ ఉన్నా పక్క లేన్‌లో ఈదే పిల్లవాడు ఆ నీళ్లు మింగడానికి పది రోజులు పట్టదు.

2024, 2025లలో కేరళలో అమీబా మెదడువాపు కేసులు వచ్చినప్పుడు ఇక్కడి తల్లిదండ్రులూ భయపడ్డారు. నెగ్లేరియా ఫౌలెరి అనే ఆ అమీబా గోరువెచ్చని మంచినీటిలో పెరుగుతుంది, ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది. క్లోరిన్ సరిగ్గా నిలబడిన పూల్‌లో అది బతకదు. భయపడాల్సింది ఈతకు కాదు, ఎవరూ కొలవని వెచ్చని నీళ్లకు.

ఎప్పుడు కొలవాలి

ఉదయం ఆరింటికి, బ్యాచ్ దిగకముందు కొలిచే అంకె అందంగా ఉంటుంది. రాత్రంతా ఫిల్టర్ తిరిగింది, కొత్తగా క్లోరిన్ పడింది, ఎవరూ దిగలేదు. నిజం తెలిసేది సాయంత్రం ఆరింటికి. రోజంతా ఎండ కాసి, పిల్లలంతా దిగి, నీళ్లు కిక్కిరిసి ఉన్న వేళ. రోజుకు ఒక్కసారే కొలిచే వీలుంటే సాయంత్రమే కొలవండి.

నెలకోసారి రాత్రి పరీక్ష చేయండి, ఇది చాలా విలువైనది. చీకటి పడి అందరూ వెళ్లిపోయాక క్లోరిన్ కొలిచి, తెల్లవారుజామున ఎండ తగలకముందే మళ్లీ కొలవాలి. ఎండ లేదు, మనుషులు లేరు. అయినా 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గిందంటే నీళ్లలోనే ఏదో దాన్ని తింటోంది. నాచు మొదలై ఉండొచ్చు, ఫిల్టర్‌లో జిగురు పేరుకుని ఉండొచ్చు. నీళ్లు ఆకుపచ్చగా మారకముందే ఇది పట్టిస్తుంది.

మూడు నెలలకోసారి ల్యాబ్‌కు నమూనా పంపడం మంచిది. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ చూసుకోండి. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి గానీ సూడోమోనాస్ గానీ ఒక్కటీ ఉండకూడదు. ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసాలోనే నీళ్లు పట్టాలి, అందులో సోడియం థయోసల్ఫేట్ ఉందో లేదో అడగండి. అది క్లోరిన్‌ను అక్కడికక్కడ ఆపేస్తుంది. మంచినీళ్ల సీసాలో పట్టి పంపితే ల్యాబ్‌కు చేరేలోపు దారిలో క్లోరిన్ తన పని తాను చేసుకుంటూ పోతుంది. మీ చేతికి వచ్చే "క్లీన్" రిపోర్టు ఆ సీసాలో నీళ్లదే తప్ప పిల్లలు ఈదిన నీళ్లది కాదు.

ఆపరేటర్‌తో మాట్లాడటం

హైదరాబాద్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉదయంపూట విన్న సంభాషణ ఇది.

"అన్నా, ఇయ్యాల పీహెచ్ ఎంతొచ్చింది?"

"చూడలే మేడమ్. క్లోరిన్ అయితే రాత్రే ఏసిన."

"కిట్ లేదా?"

"ఉండె మేడమ్. బిళ్లలు అయిపోయి నెల దాటింది. ఆఫీసుల చెప్పిన."

ఇందులో ఆపరేటర్ తప్పేముంది? కొన్ని వందల రూపాయల బిళ్లలు తెప్పించని కమిటీ, వేల రూపాయల క్లోరిన్ మాత్రం ప్రతి నెలా కొంటోంది. మీరు నిలదీస్తే అతను రేపట్నుంచి పుస్తకంలో రోజూ 2, 7.4 అని రాసేస్తాడు. ఒకే అంకె నెలంతా కనిపించే లాగ్‌బుక్ కొలవని పూల్‌కు గుర్తు. నిజంగా కొలిస్తే ఏ రెండు రోజులూ అలా కలవవు. అతని పక్కన కూర్చుని, మీరూ ఒక సీసా పట్టుకుని, ఇద్దరూ విడివిడిగా చదివి అంకెలు పోల్చుకోండి. ఎందుకు కొలుస్తున్నామో తెలిసిన మనిషి అంకెలు అల్లడు.

మోతాదు లెక్క కూడా కలిసి వేయండి. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో 86,400 లీటర్ల నీళ్లు పడతాయి. 1 పీపీఎం పెంచడానికి 86 గ్రాముల క్లోరిన్ కావాలి. టీసీసీఏ 90 అయితే 96 గ్రాములు, 33 శాతం ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ అయితే దాదాపు 260 గ్రాములు. బ్లీచింగ్ పౌడర్ సంచి విప్పాక బలం తగ్గుతూ పోతుంది, అందుకే వేశాక మళ్లీ కొలవాలి. టీసీసీఏనూ బ్లీచింగ్‌నూ ఒకే గరిటెతో తీయొద్దు, ఒకే డబ్బాలో వేయొద్దు. కలిస్తే మంటలు లేస్తాయి. ఆమ్లాన్ని క్లోరిన్ దగ్గరికి చేర్చొద్దు, విషవాయువు వస్తుంది. రసాయనాన్ని నీళ్లలో వేయాలి గానీ రసాయనం మీద నీళ్లు పోయకూడదు.

ఇక చివరి పని సీజన్ మొదలుకాకముందే జరగాలి. ఆదివారం సాయంత్రం పిల్లలంతా టవళ్లు భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు, నెలజీతం మీద బతికే ఆపరేటర్ "ఈ రోజు వద్దు" అనలేడు. అందుకే అసోసియేషన్ మీటింగ్‌లో తీర్మానం చేసి రాసివ్వండి. స్టెబిలైజర్ లేని పూల్‌లో ఫ్రీ క్లోరిన్ 1 కంటే, ఉన్నదాంట్లో 2 కంటే తగ్గినా, పీహెచ్ 7.8 దాటినా, కంబైన్డ్ క్లోరిన్ ఫ్రీ క్లోరిన్‌లో సగం మించినా, అడుగున జాలీ కనిపించకపోయినా ఎవరి అనుమతీ అడక్కుండా తాళం వేసే అధికారం అతనిదేనని. ఆ కాగితాన్ని లామినేట్ చేయించి గేటు పక్కనే తగిలించండి. తాళం తీయడానికీ ఒక షరతు రాయండి. సరిచేసిన తర్వాత ఫిల్టర్ నీళ్లన్నిటినీ ఒక్కసారైనా తిప్పాలి, చాలా పూల్స్‌లో దానికి ఆరు గంటలు పడుతుంది. ఆ తర్వాత మళ్లీ కొలిచి, వచ్చిన అంకెను, టైమ్‌ను పుస్తకంలో రాసి సంతకం పెట్టాకే గేటు తెరవాలి.